ఓఓధమ్ బుట్టలు, కుండలు, కొత్త కళ: పదార్థం ఎక్కడిది, పని ఎలా సాగుతుంది

విభాగం: చేతిపనులు › ఇతర దేశాల కళలు

ఎండుటాకు
అరిజోనా దక్షిణాన, మెక్సికోలోని సొనోరా ఉత్తరాన ఉండే ఓఓధమ్ ప్రజల బుట్టల ఫొటోలు ఈ మధ్య మన వేదికలో తరచుగా కనిపిస్తున్నాయి. కింద వ్యాఖ్యల్లో మాత్రం "మన మేదరి పనే కదా" అని తేల్చేస్తున్నారు. విషయం తెలిసినవాళ్లు వివరంగా రాస్తే అన్నీ ఒకచోట ఉంటాయి. ఆ బుట్ట నిర్మాణం ఏమిటి? మ్యూజియంలోని పాత బుట్టలకూ ఇప్పటి వాటికీ అంత తేడా ఎందుకు? చిక్కుదారి బొమ్మ సంగతేమిటి? నకిలీని ఎలా పట్టుకోవాలి? బుట్టలు కాక ఇంకేం చేస్తారో కూడా చెప్పండి.

గంపకట్టు
ముందు మేదరి పోలిక పక్కన పెడదాం. మేదరి పని అల్లిక: నిలువు బద్దల మధ్య నుంచి అడ్డం బద్దలు పైకీ కిందకీ పోతాయి. ఓఓధమ్ బుట్ట కుట్టుపని. సన్నటి గడ్డిపోచల కట్టను సుడిలా చుట్టుకుంటూ పోయి, ప్రతి చుట్టునూ కింది చుట్టుకు నారతో కుట్టేస్తారు. పనిముట్లు రెండే, ఆర, కత్తి. ఇప్పుడు ఆర అంటే చెక్క పిడి ఉన్న ఇనుప మొన. పాతకాలంలో ఎముకతోనో ముల్లుతోనో పని జరిగేది.

ఇప్పటి తొహోనో ఓఓధమ్ (ఎడారి ప్రజలు) బుట్టలో లోపలి కట్ట, గడ్డిలా పొడవాటి ఆకులుండే బేర్‌గ్రాస్. ఆకుల అంచులు రంపంలా కోస్తాయి, అందుకే కోయగానే పొడవునా సన్నగా చీల్చి ఎండబెడతారు. పైన కుట్టే నార యుకా అనే ఎడారి మొక్క ఆకు. మొవ్వు దగ్గరి లేత ఆకులు చీల్చి రోజుల తరబడి మంచి ఎండలో పరిస్తే తెల్లబడతాయి. బయటి ముదురు ఆకులు పచ్చగానో పసుపుగానో మిగులుతాయి. నలుపు డెవిల్స్ క్లా అనే కాయ కొమ్ముల నుంచి వస్తుంది. ఎరుపు యుకా జాతిలోనే ఇంకో మొక్క వేరు తొక్క. దానికి వేరే తవ్వాలి కాబట్టి ఎరుపు ఎప్పుడూ పొదుపుగానే వాడతారు. ఈ నాలుగు రంగుల్లో ఒక్కటీ అద్దకం కాదు.

బేర్‌గ్రాస్ వాళ్ల ఊళ్ల పక్కన పెరగదు. కాస్త ఎత్తైన గడ్డి కొండల్లో ఉంటుంది, ఆ నేలలో ఎక్కువ భాగం ఇప్పుడు వాళ్లకు కేటాయించిన భూభాగం, అంటే రిజర్వేషన్‌కు బయట ఉంది. కాబట్టి కోతకు దూరం పోవాలి, ఇతరుల భూమి అయితే అనుమతి తీసుకోవాలి. బుట్ట ధర చూసి ముఖం చిట్లించేవాళ్లు కుట్టు గంటల్నే లెక్కేస్తారు. సేకరణ, చీల్చడం, ఎండబెట్టడం, ఒకే వెడల్పుకు గీకడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జమ్ముగడ్డి
గంపకట్టు గారు చెప్పింది తొహోనో బుట్ట. ఆకిమెల్ ఓఓధమ్ (నది ప్రజలు, పాత పుస్తకాల్లో పీమా) వాళ్లది వేరు. అరిజోనాలోని గీలా నది ఒడ్డున జమ్ము, విల్లో అనే చెట్లు సమృద్ధిగా ఉండేవి. జమ్ము కాడ చీలికలు లోపలి కట్టకు, బెరడు తీసిన విల్లో కొమ్మల చీలికలు కుట్టుకు. విల్లో చిగురు వేసే వేళకు కొమ్మలు కోసి, పళ్లతో పట్టి చీల్చి, చుట్టలు చుట్టి దాచుకునేవారు. ఆ బుట్ట గోడ పల్చన, వేలితో నొక్కితే వంగుతుంది. గోధుమలు చెరగడానికీ పిండి పట్టడానికీ వాడే వెడల్పాటి పళ్లేల రూపం.

నది ఎండిపోవడంతో ఇదంతా మారింది. 1849 నాటి కాలిఫోర్నియా బంగారు వేట బాటసారులకు గోధుమలు అమ్మిన రైతులు వీళ్లు. 1870ల నుంచి ఎగువన వలసదారులు కాలువలు తవ్వి నీళ్లు మళ్లించారు. పంట పోయింది, కరువు వచ్చింది, నదితో పాటే జమ్మూ విల్లో పోయాయి. 1930లో గీలా మీద కూలిడ్జ్ డ్యామ్ పూర్తయినా పాత ప్రవాహం తిరిగి రాలేదు. 2004 అరిజోనా జల ఒప్పందాల చట్టంతో వీళ్లుండే గీలా రివర్ సమాజానికి ఏటా 6,53,500 ఎకరా-అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) నీటి హక్కు దక్కింది. ఆ నీళ్లలో కొంత నది గర్భంలోకి వదిలి భూగర్భజలం పెంచుతున్నారు. వదిలినచోట జమ్ము మళ్లీ లేచింది. బుట్టల చరిత్ర రాసేవాళ్లు నమూనాల గురించి పేజీలు నింపి ఈ కాలువల సంగతి ఒక్క వాక్యంలో దాటేయడం నాకు మింగుడు పడదు.

పాతసామాను
తొహోనో వాళ్లూ ఒకప్పుడు విల్లోతోనే కుట్టారు కదా? మరి యుకాకి ఎందుకు మారారు? యుకా బుట్ట లావుగా, గరుకుగా ఉంటుంది. సేకరణదారుల్లో చాలామంది దాన్ని "అమ్మకపు సరుకు" అంటారు, పాత విల్లో బుట్టకే విలువ ఇస్తారు.

గంపకట్టు
ఆ మాటతో నేను ఒప్పుకోను. 1880లో దక్షిణ అరిజోనా నగరం టక్సన్‌కు రైలు వచ్చింది, కొనేవాళ్లు పెరిగారు. యుకా దగ్గర్లో దొరుకుతుంది, విల్లో కంటే త్వరగా సిద్ధమవుతుంది, తెల్లగా మెరుస్తుంది. వంట, ధాన్యం కోసం చేసే బుట్టకు విల్లో ఉంచుకుని అమ్మకానికి యుకా వాడడం తెలివైన నిర్ణయం. క్రమంగా లోహపు గిన్నెలు రావడంతో వాడుక బుట్ట తగ్గింది, యుకా బుట్ట నిలిచింది. అది నిలవకపోతే ఈ విద్య చేతులు మారేదే కాదు. పైగా యుకా వచ్చాకే పచ్చ, పసుపు, తెలుపు మూడు ఛాయలతో ఆడుకునే వీలు కలిగింది. దూరం దూరంగా కుట్టి మధ్యలో బేర్‌గ్రాస్ పచ్చదనం కనిపించేలా వదిలే చీలిక కుట్టు కూడా అలా ప్రాచుర్యంలోకి వచ్చిందే. అందులో ప్రతి కుట్టూ కింది కుట్టును నడిమికి చీల్చుకుని దిగుతుంది. వరస మీద వరస పడేసరికి గోధుమ కంకి ఆకారం తేలుతుంది. త్వరగా సాగుతుందన్న మాట నిజమే గానీ, చీల్చే చోటు వెంట్రుకవాసి పక్కకు జరిగితే కంకి వరస వంకర పోతుంది, దాన్ని దాచే చోటు ఉండదు.

విత్తనాలసంచి
డెవిల్స్ క్లా గురించి కాస్త వివరంగా. మన పొలం గట్ల మీద గరుడముక్కు, తేలుకొండి కాయ అనే మొక్క చూసే ఉంటారు. అది మార్టినియా, ఇది ప్రొబోసిడియా, రెండూ ఒకే కుటుంబం. మన దాని కొక్కేలు పొట్టివి, బుట్టకు పనికిరావు. ఓఓధమ్ వాళ్ల కాయ కొమ్ములు పొడవు.

కాయ పచ్చగా ఉన్నప్పుడు బెండకాయలా వండుకోవచ్చు. ముదిరాక పైతొక్క ఒలిచిపోయి లోపల నల్లటి కాయ రెండు వంపు కొమ్ములుగా విడిపోతుంది. ఆ నల్ల పైపొరే కావాలి. తొక్క ఊడిన కాయను చేనులోనే వదిలేస్తే ఎండకూ వానకూ నలుపు వెలిసి బూడిద రంగు అవుతుంది. అందుకే ఎప్పటికప్పుడు ఏరుకోవాలి.

ఈ మొక్కను ఓఓధమ్ స్త్రీలు ఎంపిక చేసి చేసి ఇంటి పంటగా మార్చారు. అడవి రకం విత్తనం నల్లన, సాగు రకం విత్తనం తెల్లన. సాగు రకం కొమ్ము అడుగు పొడవు దాకా పెరుగుతుంది, పైపొర సాఫీగా చీలుతుంది, విత్తనం త్వరగా మొలుస్తుంది. బుట్టల నార కోసమే పనిగట్టుకుని ఒక మొక్కను సాగులోకి తెచ్చిన ఉదాహరణలు ప్రపంచంలో చాలా తక్కువ. నమూనాల కంటే నాకు ఇదే పెద్ద కళ.

వాడే ముందు కాయల్ని రాత్రంతా నానబెట్టి, కొమ్ము మొన దగ్గర ఆరతో లేపి, ఒక చివర పళ్లతో పట్టుకుని పైపొరను పొడవునా లాగుతారు. ఒక కొమ్ముకు కొద్ది చీలికలే వస్తాయి. లోపలి వైపు గీకి మందం సమం చేయాలి, లేకపోతే కుట్టు ఉబ్బుతుంది.

ఎండుటాకు
మొదలు ఎలా పెడతారు? సుడి అంటే నడిమిలో చిల్లు ఉండాలి కదా. కుట్టేటప్పుడు ఎక్కడ చెడుతుందో కూడా చెప్పండి.

గంపకట్టు
నడిమి చిల్లు ఉండదు. నల్ల చీలికల్ని అడ్డంగా నిలువుగా బిగించి చిన్న చదరపు ముడి అల్లుతారు. ఆ ముడి చుట్టూ కట్ట తిరగడం మొదలవుతుంది. నడిమి నలుపే ఎందుకంటే డెవిల్స్ క్లా అన్నిటికంటే గట్టిది, అరుగుదల ఎక్కువ పడేది అక్కడే. పాత పళ్లేల అంచు కూడా అదే కారణంతో నలుపుతో జడలా అల్లి ముగిస్తారు.

తర్వాతి పని ఒకటే, మళ్లీ మళ్లీ. ఆరతో కింది చుట్టు పైభాగంలో రంధ్రం, అందులోంచి నార మొన, బయటికి లాగి కట్ట మీదుగా తిప్పి బిగింపు. ఆర దించే కోణం ప్రతిసారీ ఒకటే ఉండాలి. కోణం బయటికి వాలితే గోడ విచ్చుకుంటుంది, లోపలికి వాలితే మూసుకుంటుంది. బుట్ట ఆకారం మొత్తం ఆ కోణం చేతుల్లోనే ఉంది.

చెడేచోట్లు ఇవీ. నార పొడిగా ఉంటే మడతలో తెగుతుంది, కాబట్టి తడిబట్టలో చుట్టి ఉంచుకుని ఒక్కొక్కటి తీస్తారు. అతిగా నానినా ముప్పే: నార ఉబ్బి ఉండగా బిగించిన కుట్టు ఆరాక కుంచించుకుని వదులవుతుంది, చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తుంది. కట్టలో బేర్‌గ్రాస్ అయిపోతోందని ఒకేసారి గుప్పెడు కలిపితే అక్కడ గడ్డ కడుతుంది. ఒక్కొక్క పోచ, మొన సన్నం చేసి, వేరు వేరు చోట్ల చొప్పించాలి. అయిపోయిన నార కొసను కట్టలోనే పడుకోబెట్టి దాని మీదుగా కుట్టేయాలి, ముడి వేయకూడదు.

నమూనా లెక్క ఇంకో మెలిక. కాగితం మీద గీసుకునేవాళ్లు తక్కువ, చేతిలోనే లెక్క. కట్ట మందం 5 మిల్లీమీటర్లు అనుకోండి. ఒక్కో చుట్టుకు చుట్టుకొలత సుమారు 31 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సెంటీమీటరుకు 3 కుట్లు వేస్తే ప్రతి చుట్టులో 9 కుట్లు అదనం. నాలుగు రేకుల నమూనాలో ఆ తొమ్మిదిని నాలుగు భాగాలకు పంచాలి, సమంగా పడదు. ఒక భాగానికి మూడు, మిగతా వాటికి రెండేసి ఇచ్చి, తర్వాతి చుట్టులో ఆ అదనపు కుట్టును ఇంకో భాగానికి మార్చాలి. ఈ సర్దుబాటు మరిచిపోతే పదో చుట్టుకల్లా ఒక రేకు లావై పక్కది నలిగిపోతుంది.

రాతిగోడ
చిక్కుదారి బొమ్మ గురించి నేను రాస్తాను. పైన మనిషి, కింద గుండ్రటి దారి. ఆ మనిషి ఈఇతోయ్, ఓఓధమ్ వాళ్ల పెద్దన్న, సృష్టిగాథల్లోని వాడు. ఆయన నివాసం బాబోకివారి శిఖరం కింది గుహ. శిఖరం ఎత్తు 7,730 అడుగులు, వాళ్ల భూమిలో ఎక్కడ నిలబడ్డా కంటికి తగిలే కొండ. బొమ్మ అర్థం కుటుంబానికో రకంగా చెబుతారు: కొందరికి మనిషి జీవితంలోని మలుపులు, కొందరికి ఈఇతోయ్ ఇంటికి దారి. ఒక్కటే సరైనదని బయటివాళ్లు తేల్చడం తగదు.

నిర్మాణం మాత్రం తేల్చి చెప్పొచ్చు. ఇది తప్పిపోయే చిక్కుదారి కాదు. దారి ఒక్కటే, చీలికలు లేవు, మూసుకుపోయే మలుపు లేదు. ఏడు వలయాలు తిరిగి నడిమికి చేరుతుంది. ఇలాంటి రేఖాచిత్రం అరిజోనాలోని కాసా గ్రాండే అనే ప్రాచీన కట్టడం శిథిలాల గోడ మీద కూడా గీసి ఉంది. బుట్టల మీద మాత్రం ఇది పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ప్రముఖంగా కనిపిస్తుంది.

కుట్టేవారికి దీనిలో కష్టం ఎక్కడంటే, బొమ్మ వలయాలది, బుట్ట సుడిది. సుడిలో ఏ చుట్టూ తాను మొదలైన చోట ముగియదు, ఒక మెట్టు పైకెక్కుతుంది. ఆ మెట్టు బొమ్మలోని దారి గోడ మీద పడితే గీత విరుగుతుంది. అందుకే రంగు మార్పును నడిమి నుంచి అంచుకు పోయే ఒకే గీత వెంట, మలుపులు ఉండే వైపు సర్దుతారు. గోడకు ఒక వరస నలుపు, దారికి రెండు వరసల తెలుపు పెట్టుకుంటే 8 గోడలు, 7 దారులు కలిపి 22 వరసలు. 5 మిల్లీమీటర్ల కట్టతో నడిమి ముడి కాకుండానే 22 సెంటీమీటర్ల వ్యాసం. అంతకంటే చిన్న బుట్ట మీద ఈ బొమ్మ కావాలంటే కట్ట పల్చన కావాలి, కుట్ల సంఖ్య అంతకంతకూ పెరుగుతుంది.

పాతసామాను
బుట్టలు కాక మిగతావి కూడా రాయండి. కియాహా అనే మోతబుట్ట గురించి వినడమే, ఇప్పుడు ఎవరూ చేస్తున్నట్టు లేదు.

జమ్ముగడ్డి
కియాహా వాడుక ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. కిత్తనార పీచుతో పేనిన తాడును, లోపల ఏ కట్టా లేకుండా, ఉచ్చు మీద ఉచ్చు వేసి లేసులా అల్లిన వల అది. సగ్వారో కాక్టస్ లోపలి ఈనెలు నాలుగు (రెండు పొడవు, రెండు పొట్టి) కట్టిన చట్రానికి ఆ వల తగిలిస్తారు. నుదుటికి పట్టీ వేసుకుని స్త్రీలు వీపు మీద కట్టెలు, కుండలు, పళ్లు మోసేవారు. బండ్లు వచ్చాక అవసరం పోయింది. తర్వాత చిన్న సైజు నమూనాలు అమ్మకానికి చేశారు.

సగ్వారో ఈనె ఇంకో చోటా పనికొచ్చింది, లెక్క కర్ర. సంవత్సరానికో గీత, ముఖ్య సంఘటనకో గుర్తు. నమోదైన కర్రల్లో కొన్ని 1833 నవంబరు నాటి ఉల్కల వాన దగ్గర మొదలవుతాయి. గుర్తుల అర్థం చెక్కినవాడికే పూర్తిగా తెలుసు. ఆయన నోటితో చెబితేనే అది చరిత్ర.

గుర్రపు వెంట్రుకల బుట్టలు మరిచిపోవద్దు. కొన్ని వెంట్రుకల కట్ట చుట్టూ ఒక్క వెంట్రుకతో సూదిమీద కుట్టు. నాణెమంత బుట్ట మీద ఈఇతోయ్ బొమ్మ వస్తుంది. గడ్డికట్టలు బిగించే ఇనుప తీగతో మగవాళ్లు అల్లే బుట్టలూ ఉన్నాయి. పందిట్లో వేలాడదీసి జంతువులకు అందకుండా తిండి దాచేందుకు మొదలై తర్వాత చేతికళగా మిగిలాయి.

కుమ్మరిసారె
కుండల గురించి. సారె లేదు. బోర్లించిన పాత కుండ అడుగు మీద మట్టి పలక పరిచి తట్టి అడుగు తీస్తారు. కాస్త బిగిశాక దాన్ని తిప్పి మట్టి తాళ్లు పేరుస్తూ, లోపల నున్నటి రాయి ఆనించి బయట చెక్క తెడ్డుతో కొడుతూ గోడ పల్చన చేస్తారు. తెడ్డు, రాయి ఒకే చోట ఎదురెదురుగా ఉండాలి, లేకపోతే గోడ పగులుతుంది. మట్టిలో ఎండిన గుర్రపు పేడ పొడి కలుపుతారు. కాల్చినప్పుడు అది కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి, నీరు చెమ్మగిల్లి ఆవిరై కుండలో నీళ్లు చల్లబడతాయి. కాల్పు మెస్కీట్ కట్టెతో, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఓఓధమ్ స్త్రీలు ఈ నీళ్ల కుండలు టక్సన్‌కు మోసుకెళ్లి అమ్మేవారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది స్నేహపు కుండ: అంచు చుట్టూ మట్టి మనుషులు చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ బొమ్మల మెడ, చేతుల దగ్గర మందం తేడా ఉంటే ఆరేటప్పుడే విరుగుతాయి. నీడలో నెమ్మదిగా ఆరబెట్టాలి.

రాతిగోడ
ఆధునికుల్లో ముందుగా టెరోల్ డ్యూ జాన్సన్. 1996లో మొదలైన తొహోనో ఓఓధమ్ కమ్యూనిటీ యాక్షన్ అనే సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు, 2024లో కన్నుమూశారు. సొరబుర్ర కోసి ఆ ఖాళీలో చుట్టుకుట్టు నింపడం ఆయన ప్రసిద్ధ పద్ధతి. అరండా\లాష్ అనే వాస్తుశిల్పుల జంటతో ఏళ్ల తరబడి పనిచేశారు. 2016లో టక్సన్ సమకాలీన కళా మ్యూజియంలో వాళ్ల ప్రదర్శన జరిగింది. గుండ్రటి సుడి విడిచి నేరుగా నిలబడే కట్టలు, మెలితిరిగే రూపాలు చేసినా, బేర్‌గ్రాస్‌ను పట్టి ఉంచింది అదే పాత కుట్టు. సంప్రదాయం చెడుతోందని బాధపడేవాళ్లు ఆ కుట్టు దగ్గరగా చూడాలి.

ఆనీ ఆంటోన్ బుట్ట మీద ప్రాచీన హోహోకమ్ ప్రజల కుండల బొమ్మల్ని తెచ్చారు. హోహోకమ్ వాళ్లను ఓఓధమ్ ప్రజలు తమ పూర్వీకులుగా భావిస్తారు. చిత్రకారుల్లో మైకేల్ చియాగో నీటిరంగుల్లో సగ్వారో పళ్ల కోత, నాట్యాలు, వాన కోసం చేసే వేడుక చిత్రిస్తారు. లెనార్డ్ చానా (1950–2004) చుక్కలు పెట్టి బొమ్మ తేల్చేవారు. చియాగో బొమ్మలో పళ్లు కోసే గెడ చూడండి: సగ్వారో ఈనెలు కలిపి కట్టి, కొనకు చిన్న అడ్డపుల్ల. అది ఎలా కట్టాలో బొమ్మ చూసి నేర్చుకోవచ్చు, అంత కచ్చితం.

వైలా అనే ఓఓధమ్ నాట్య సంగీతం గురించి విడిగా చర్చ తెరవాలి. అకార్డియన్, శాక్సోఫోన్, గిటార్, బేస్, డ్రమ్స్‌తో పోల్కా వరసలు. తొహోనో నేషన్ సాంస్కృతిక కేంద్రం హిమ్‌దాగ్ కీ 2007లో తోపావాలో తెరిచారు. బుట్టలు చూడాలనుకునేవాళ్లు మొదట అక్కడికే వెళ్లాలి.

ఎండుటాకు
నకిలీల సంగతి? ఆన్‌లైన్‌లో "పపాగో బుట్ట" పేరుతో చాలా చవకగా పెడుతున్నారు.

పాతసామాను
పపాగో బయటివాళ్లు పెట్టిన పేరు, 1986లో వాళ్లు అధికారికంగా తొహోనో ఓఓధమ్ నేషన్ అయ్యారు. పాత బుట్టల జాబితాలో ఆ పేరు ఉండటం మామూలే, కొత్త బుట్టకు అదే పేరు పెట్టి అమ్మితే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. పాకిస్తాన్ లాంటి చోట్ల చేసిన చుట్టబుట్టలు ఈ నమూనాలతోనే మార్కెట్లో తిరుగుతుంటాయి. నల్ల కుట్టును తడి దూది కొసతో ఓ మూల తాకితే అద్దకం రంగు అంటుకుంటుంది, డెవిల్స్ క్లా అంటదు. నలుపు అంతా ఒకే మట్టంగా, నీలంగానో ఊదాగానో ఉంటే అనుమానించాలి. సహజ నలుపులో గోధుమ ఛాయలు తేడాగా ఉంటాయి. చీలిక కుట్టు బుట్టలో కట్ట కనబడుతుంది కదా, పోచలు బేర్‌గ్రాసేనా చూడండి. అమెరికాలో 1990 ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసీ) కళలు, చేతిపనుల చట్టం ప్రకారం, స్థానిక తెగలవాళ్లు చేయనిదాన్ని వాళ్లు చేసిందని అమ్మితే వ్యక్తికి మొదటి తప్పుకే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు. కాబట్టి చేసినవారి పేరు, తెగ రాసివ్వమని అడగండి. నిజాయితీ గల అమ్మకందారు వెనకాడరు.

విత్తనాలసంచి
ఈ కుట్టు నేర్చుకోవాలని అడిగేవారికి: డెవిల్స్ క్లా విత్తనం తెప్పించే ఆలోచన వద్దు. మొక్కల దిగుమతికి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే పత్రం) కావాలి. పైగా దాని చుట్టం గరుడముక్కు ఇప్పటికే మన బీళ్లలో కలుపు. సాధనకు ఎండిన గడ్డిపోచల కట్ట, ఈతాకు మొవ్వు చీలికలు చాలు. 4 మిల్లీమీటర్ల వెడల్పుకు చీల్చి, తడిబట్టలో అరగంట ఉంచి మొదలుపెట్టండి. ఈఇతోయ్ బొమ్మ మాత్రం కుట్టి అమ్మకండి, అది వాళ్లది.

ఎండుటాకు
చివరి ప్రశ్న. ఇంట్లో అసలు బుట్ట ఉన్నవాళ్లు దాన్ని ఎలా కాపాడుకోవాలి? మన తీరం చెమ్మకు బూజు పడుతోందని ఒకరు రాశారు.

గంపకట్టు
నీళ్లతో కడగకూడదు, నూనె రాయకూడదు. మెత్తటి కుంచెతో కుట్టు వెంట దుమ్ము తీయాలి. నేరుగా ఎండ పడితే పచ్చ యుకా పాలిపోతుంది, గాలి ఆడని పెట్టెలో బూజు పడుతుంది. ఆమ్లం లేని కాగితం ఉండలు లోపల పెట్టి, అల్మారాలో గోడకు ఆనకుండా ఉంచండి. అంచు పట్టుకుని ఎత్తకండి, రెండు చేతులూ అడుగున పెట్టాలి. పురుగు తొలిచిన పొడి రాలుతుంటే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, కనీసం ఒక రోజు, సంచి విప్పకండి. ముందే విప్పితే చల్లటి నార మీద తేమ పేరుకుని, ఏ బూజు వద్దనుకున్నామో అదే పడుతుంది.